అక్క కేకు తెచ్చిన రోజు

మా ఊళ్ళో నలభై రెండు దుకాణాల అద్దాల మీద నీలం రంగు స్టిక్కర్ ఒకటి ఉంటుంది. డిమెన్షియా ఉన్న మనిషి లోపలికి వస్తే ఇక్కడివాళ్ళు కంగారు పడరు, కసురుకోరు, చేతనైన సాయం చేస్తారు అని దాని అర్థం. అందులో పంతొమ్మిది నా చేత్తో అతికించినవే. నా కోటుకి బ్యాడ్జీ కూడా ఉంది. ఆ జబ్బు మొదట్లో కనిపించే పది లక్షణాలూ నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెబుతాను. అలాంటి నేను, మా అక్క రూల్ఫీన్ ఆ పదింట్లో సగం పైగా తనమీదే పెట్టుకుని, చేతిలో కేకుతో నా గుమ్మంలో నిలబడితే, మొహం మీదే తలుపు వేశాను. అప్పటికింకా బ్యాడ్జీ లేదనుకోండి. కానీ వేసిన తలుపు ఏడు నెలలు వేసే ఉంచాను. ఆఖరి నెల మాత్రం బ్యాడ్జీతో సహా.

ఊరి పత్రికవాళ్ళు మా అక్క గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. ఆవిడ గురించి నిజం రాయాలంటే నా తలతిక్క గురించి కూడా రాయక తప్పదు. ఆ ఏడు నెలలు నాకు మళ్ళీ రావు. అక్కకి నేను బాగా గుర్తున్న ఆఖరి నెలలు అవే. వాటిని సోఫా వెనక దాక్కుని గడిపేశాను.

రూల్ఫీన్ నాకన్నా ఐదేళ్ళు పెద్దది. మా ఊరు మెప్పెల్‌లో కాలువ మీదున్న ఎత్తుడు వంతెనకి ముప్పై ఒక్క ఏళ్ళు కాపలా కాసింది. మొదట ఆ ఉద్యోగం మా బావ హార్మ్‌ది. ఆయన నడుం పట్టేసి మంచమెక్కితే, "పడవలు ఆగవు కదా" అని అక్క వెళ్ళి చక్రం తిప్పింది. నెల తర్వాత బావ లేచాడు గానీ చక్రం మాత్రం మళ్ళీ ఆయన చేతికి రాలేదు. పడవ కనిపించగానే గంట కొట్టడం, రెండువైపులా గేట్లు దించడం, సైకిళ్ళ మీద ఆలస్యమైపోతున్నవాళ్ళ చేత తిట్లు తినడం, వంతెన లేపడం, దించడం. ఇంతే పని. కానీ ఏ పడవ పేరేమిటో, నడిపేదెవరో, అతని భార్య పేరేమిటో, వాళ్ళ కుక్కకి ఏ బిస్కెట్ ఇష్టమో అన్నీ ఆవిడకి నోటికొచ్చు. ఎవరైనా పుట్టినరోజు నాడు పడవ మీద వస్తే వంతెనని సగంలో ఆపేసి, కాపలా గది కిటికీలోంచి తల బయటికి పెట్టి, పాట మొత్తం పాడాకే మిగతా సగం లేపేది.

నేను డ్రైవింగ్ నేర్పేదాన్ని. ఈ ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేనే నేర్పాను, మిగతా సగం మందిని నేనే భయపెట్టి సైకిళ్ళకి పరిమితం చేశాను. గేటు దగ్గర నా కారు ఆగిపోయి, పక్కన నేర్చుకునే పిల్ల చెమటలు కక్కుతుంటే, నేను హారన్ కొట్టేదాన్ని. అక్క నన్ను చూసి చెయ్యూపి, కావాలని రెండో చరణం ఎత్తుకునేది. కోపం నాది, గొంతు ఆవిడది.

అక్క ఇంటి మరుగుదొడ్లో, అందరిళ్ళలోలాగే, తలుపు వెనక పుట్టినరోజుల క్యాలెండర్ వేలాడుతుంది. దానికి వారాలుండవు, తేదీలే. ఒకసారి పేర్లు రాస్తే జన్మంతా పనికొస్తుంది. అక్కడ కూర్చున్నప్పుడల్లా కళ్ళెదురుగా ఉంటుంది కనక మర్చిపోయామనే సాకు ఎవరికీ దొరకదు. మా ఇంటిదాంట్లో ముప్పై పేర్లుంటే అక్కదాంట్లో నూట పన్నెండు. పుట్టినరోజుకి రమ్మని ఎవరినీ పిలవం. తెలిసినవాళ్ళు వస్తారు. రాకపోతే, వాళ్ళ మరుగుదొడ్లో గోడ మీద నీ పేరు లేదని అర్థం. అంతకు మించిన అవమానం మా దగ్గర లేదు.

నాకు డెబ్బై నిండిన మార్చి పద్నాలుగున మా ముందుగదిలో పదిహేడు కుర్చీలు గుండ్రంగా వేశాం. వచ్చినవాళ్ళు గది చుట్టూ తిరిగి ప్రతి చెయ్యీ పట్టుకుని ఊపాలి. పుట్టినదాన్ని నేనొక్కదాన్నే అయినా అభినందనలు అందరికీ. మా ఆయన లామ్మెర్ట్‌తో, "మీ ఆవిడ పుట్టినరోజండీ, మీకు అభినందనలు!" పక్కింటావిడతో, "మీ పొరుగామె పుట్టినరోజండీ, మీకు అభినందనలు!" బాయిలర్ బాగుచెయ్యడానికి వచ్చినతన్ని కూడా వదల్లేదు. స్పానర్ పట్టుకున్న చేతిని పదహారుమంది ఊపారు. తర్వాత మనిషికో కేకు ముక్క, కప్పు కాఫీ. కిటికీ పక్క కుర్చీ అక్కది. అందరూ వెళ్ళాక ఉండిపోయి కప్పులు కడిగేది కూడా అక్కే. ఆ కుర్చీ ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఖాళీగా ఉంది.

"ఫోన్ చెయ్యరాదూ," అన్నాడు లామ్మెర్ట్ వంటింట్లో మెల్లిగా.

"నా పుట్టినరోజుకి రమ్మని నేనే ఫోన్ చెయ్యాలా? తల తీసి ఎక్కడ పెట్టుకోను?"

"ఒంట్లో బాగాలేదేమోనే."

"బాగాలేకపోతే చెప్పడానికి నోరు లేదూ? ఊళ్ళో పడవలవాళ్ళ కుక్కలన్నీ గుర్తుంటాయి. తోడబుట్టినది మాత్రం గుర్తుండదు. అంతే, ఇంకేం లేదు."

లామ్మెర్ట్ వాదించే మనిషి కాదు. వాదన వాసన తగలగానే సింకు దగ్గరికి పోయి గిన్నెలు కడగడం మొదలెడతాడు. ఆ రోజు కడిగిన కప్పుల్నే మళ్ళీ కడిగాడు. నేను వచ్చినవాళ్ళ మొహాలకన్నా ఆ ఖాళీ కుర్చీనే ఎక్కువ చూశాను.

తొమ్మిది రోజుల తర్వాత, ఇరవై మూడున, పొద్దున పదింటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే అక్క. పెళ్ళిళ్ళకి వేసుకునే నీలం కోటు, చేతిలో తను చేసిన మోకా కేకు, చంకలో పూలగుత్తి.

"హిల్లీ! అభినందనలే!" అంది మొహమంతా నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకు? డెబ్బై నిండి తొమ్మిది రోజులు అయినందుకా?"

"ఇవాళ కాదా?" అంది. కేకు వైపు చూసింది, నా వైపు చూసింది. మళ్ళీ, "ఇవాళ కాదుటే?" అంది.

"వెటకారమా అక్కా? ఆ రోజు పదహారుమంది ముందు నా పరువు తీసి, ఇవాళ ఏమీ ఎరగనట్టు వచ్చి పళ్ళికిలిస్తావా?"

"సరేలే. కాఫీ అయినా పెడతావా?"

"ఇవాళ మా ఇంట్లో కాఫీ లేదు," అన్నాను. మా ఇంట్లో కాఫీ లేని రోజు అప్పటికీ లేదు, ఇప్పటికీ లేదు. పైగా కాచిన కాఫీ వాసన వీధిలోకి కొడుతోంది. తలుపు వేశాను. అక్క కేకుని గుమ్మం మెట్టు మీద పెట్టి, పూలగుత్తిని దాని మీద ఆనించి, వెళ్ళిపోయింది.

లామ్మెర్ట్ కేకు లోపలికి తెచ్చాడు. ఒక ముక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మింగాడు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.

"చక్కెరకి బదులు ఉప్పేసిందే," అన్నాడు.

"చూశావా! చూశావా మరి! కావాలనే! కక్ష ఎంతుంటే కేకులో ఉప్పేస్తుంది చెప్పు!"

"హిల్లీ, కక్షతో కేకు చేసేవాళ్ళు పైన క్రీముతో అంత అందంగా నీ పేరు రాస్తారంటావా?"

"ఏళ్ళనుంచీ చేస్తోంది, చెయ్యి తిరిగింది. నువ్వూరుకో," అన్నాను. ఆయన గిన్నెలు కడగడానికి పోయాడు. ముప్పై ఏళ్ళు పక్క అద్దంలో కనపడని మూల చూసుకోమని ఊరందరి మీదా అరిచిన మనిషిని నేనే.

ఏప్రిల్లో మళ్ళీ వచ్చింది. మా వీధిలో కిటికీలకి తెరలు వెయ్యం. వేస్తే లోపల ఏదో జరుగుతోందని వీధికి టాంటాం వేసినట్టే. ముందుగదిలో నేను పత్రిక చదువుకుంటుంటే, ఆ పెద్ద అద్దంలోంచి అక్క కాలిబాట మీద వస్తూ కనిపించింది. చేతిలో అట్టపెట్టె. పారిపోదామంటే వంటింటి దారి కూడా అద్దంలోంచి కనిపిస్తుంది. ఏం చెయ్యాలో తోచక, డెబ్బై ఏళ్ళదాన్ని, మోకాళ్ళ మీద కూలబడి, దోగాడుకుంటూ సోఫా వెనక్కి పోయి, బోర్లా పడుకున్నాను. బెల్లు మోగింది. మళ్ళీ మోగింది. నేల మీద ఎన్నాళ్ళదో ఒక వేరుశెనగ గింజ నా ముక్కుకి తగులుతోంది.

వంటింట్లోంచి లామ్మెర్ట్ గొంతు వచ్చింది. "హిల్లీ, నీ చెప్పు బయటికి కనిపిస్తోంది."

"నోరు ముయ్యి!" అన్నాను గుసగుసగా.

"అద్దం దగ్గర నిలబడి చూస్తోంది పాపం. చెయ్యూపుతోంది."

"నీకా?"

"కాదు. నీ చెప్పుకనుకుంటా."

కాసేపటికి వెళ్ళిపోయింది. నన్ను లేపడానికి లామ్మెర్ట్ రెండు చేతులూ ఇవ్వాల్సొచ్చింది. నా పట్టుదల చూసి నాకే ముచ్చటేసింది. తర్వాత కూడా అక్క వచ్చినప్పుడల్లా అక్కడే దాక్కున్నాను.

ఆ తర్వాత అక్క కంటపడకూడదని వంతెన వైపు వెళ్ళడం మానేశాను. చేపల దుకాణానికి పోవాలంటే చుట్టూ తిరిగి ఎగువనున్న ఇంకో వంతెన మీదుగా రెండు కిలోమీటర్లు సైకిలు తొక్కేదాన్ని. ఎదురుగాలిలో ఆయాసపడుతూ, "నాదే న్యాయం, నాదే న్యాయం" అనుకుంటూ తొక్కేదాన్ని. కాళ్ళు మాత్రం బలపడ్డాయి.

గురువారాలే గడిచేవి కావు. పాతికేళ్ళుగా గురువారం పొద్దున అక్కతో కాఫీ. అలిగాక అదీ మానేశాను. ఆ ఖాళీ పూడ్చుకోవడానికి సెప్టెంబరులో లైబ్రరీ గోడ మీద కాగితం చూసి చేరిపోయాను. ఊరిని డిమెన్షియా ఉన్నవాళ్ళకి అనుకూలంగా మార్చే పని, గురువారం శిక్షణ, వాలంటీర్లు కావలెను. అవునండీ. డిమెన్షియా ఉన్న అక్క మీద అలిగి మిగిలిన గురువారాన్ని డిమెన్షియా గురించి నేర్చుకోవడానికి వాడాను. రాస్తుంటేనే చెవులు కాలుతున్నాయి.

నేర్పిన అమ్మాయి పేరు మారిట్. "వాళ్ళని తప్పు పట్టకండి. 'గుర్తుందా?' అని పరీక్ష పెట్టకండి. వాళ్ళు ఏ రోజులో ఉన్నారో మీరూ ఆ రోజులోకి వెళ్ళండి," అని చెప్పింది. పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

"తేదీలు తికమకపడతారు. బాగా చేతనైన పని చెడగొడతారు. వంట రుచి మారిపోతుంది," అంది మారిట్.

"ఇంట్లోవాళ్ళకి తెలిసిపోతుంది కదా?" అని నేనే అడిగాను, మొదటి వరసలో కూర్చుని, చెయ్యెత్తి మరీ.

"తెలియదు హిల్లీ గారూ. చాలామంది మొదట కోపం తెచ్చుకుంటారు."

"అయ్యో, ఏం మనుషులండీ!" అన్నాను నేను.

అక్టోబరులో బ్యాడ్జీ ఇచ్చారు. దుకాణాల మీద పడ్డాను. మంగలి కత్తెర చేత్తో పట్టుకుని అలాగే నిలబడి విన్నాడు. అతని కుర్చీలో ఉన్నాయన సగం జుట్టుతో విన్నాడు. పద్దెనిమిది దుకాణాలయ్యాక గెజీనా బేకరీకి వెళ్ళాను. గెజీనా నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుని మూడుసార్లు తప్పిన మనిషి. ఇప్పటికీ నన్ను చూస్తే చేతులు తుడుచుకుని నిటారుగా నిలబడుతుంది. పది లక్షణాలూ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. ఎనిమిదోది చెబుతుండగా ఆవిడ అంది, "అవును మేడమ్, మీ అక్కగారిలాగే."

"ఏమిటి?"

"అదే, రూల్ఫీన్ గారు. వేసవినుంచీ వస్తున్నారుగా. 'ఇవాళ మా హిల్లీ పుట్టినరోజు, మోకా కేకు ఇయ్యమ్మా' అని. మొదటి రెండుసార్లు ఇచ్చాను. తర్వాత, 'ఇవాళ కాదండీ, మార్చిలో కదా' అని చెప్పాను. మొహం ఎంత చిన్నబోయిందో. ఇప్పుడు చిన్న కేకు చేసి ఉంచుతున్నాను, ఇచ్చేస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలీదా? మీరు తోబుట్టువులు. పైగా..." అని నా బ్యాడ్జీ వైపు చూసింది. "పైగా మీరొచ్చి నలభై నిమిషాలైంది మేడమ్. మధ్యలో నాకు సందు దొరకాలిగా."

నేను పంతొమ్మిదో స్టిక్కర్ అద్దానికి అతికించాను. అది వంకరగా పడింది. ఇప్పటికీ అలాగే ఉంది, గెజీనా తియ్యనివ్వదు.

ఆ రోజు చుట్టూ తిరగలేదు. తిన్నగా వంతెన దగ్గరికి వెళ్ళాను. వంతెన ఇప్పుడు దానంతటదే లేస్తుంది. వేరే ఊళ్ళో తెర ముందు కూర్చున్న ఎవరో మీట నొక్కుతారు. అక్క మాత్రం ఇంకా వంతెన పక్కనున్న కాపలా ఇంట్లోనే ఉంటుంది. పడవ వస్తే గుమ్మంలోకి వచ్చి చెయ్యూపుతుంది. బావ పోయి తొమ్మిదేళ్ళయింది.

తలుపు తీసింది. కోటు బొత్తాలు ఒకటి అటూ ఒకటి ఇటూ పెట్టుకుని ఉంది. నన్ను చూడగానే మొహం విప్పారింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "రావే, రా! కాఫీ పెడతాను. గురువారమేనా ఇవాళ?"

"కాదక్కా, మంగళవారం," అన్నాను. తప్పు పట్టకండి అని రెండు గీతలు గీసుకున్న మనిషిని, గడప దాటకముందే తప్పు పట్టాను. అంతటితో ఆగానా? "నేనెవరో గుర్తుందా? నా పుట్టినరోజు ఎప్పుడో గుర్తుందా?" అని ఒకదాని మీద ఒకటి అడిగేశాను. మారిట్ అక్కడుంటే బ్యాడ్జీ ఊడబీకేది. అక్క నా వంక జాలిగా చూసి, "ఏమైందే నీకు? తల తిరుగుతోందా?" అంది.

ఏడుపు తన్నుకొస్తుంటే మరుగుదొడ్లోకి పోయి గడియ పెట్టుకున్నాను. కూర్చుంటే ఎదురుగా ఆ క్యాలెండర్.

మార్చి పద్నాలుగు. పాత సిరాతో "హిల్లీ". నా పేరు అక్కడే ఉంది, యాభై ఏళ్ళుగా ఉన్నచోటే. పద్నాలుగు నాది అని ఆ గోడకి తెలుసు. కానీ ఇవాళ ఎన్నో తేదీయో ఆ గోడ చెప్పదు కదా. అది తెలియాల్సింది మనిషికి.

ఇరవై మూడు దగ్గర, పెన్సిలుతో, పెద్ద పెద్ద వంకర అక్షరాల్లో: "హిల్లీ? ఇవాళ కాదట." కాగితం తిప్పాను. ఏప్రిల్: "హిల్లీ ఇంట్లో లేదు. చెప్పు ఉంది. నిద్రపోతోందేమో." మే నెలలో: "చక్కెర డబ్బా మీద చక్కెర అని రాశాను." జూన్: "హిల్లీకి కోపం. ఎందుకో?" జులైలో నా పేరు నాలుగు చోట్ల ఉంది. ఆగస్టులో ఆరు చోట్ల. "గెజీనాని అడుగు." "హిల్లీకి చెప్పాలి." "హిల్లీకి చెప్పాలి." మిగతా నూట పదకొండు పేర్లలో దేనికీ పక్కన పెన్సిలు గీత లేదు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తలుపు మీద తట్టింది. "ఏమే, బతికే ఉన్నావా? కాఫీ చల్లారిపోతోంది."

బయటికి వచ్చి అడిగాను. "నాకు ఏం చెప్పాలనుకున్నావక్కా?"

ఆ రోజు ఆవిడకి మంచి రోజు. అలాంటివి అప్పుడప్పుడూ వచ్చేవి. "నాలో ఏదో జారిపోతోందే హిల్లీ. పడవలన్నీ ఉన్నాయి. పేర్లూ రంగులూ అన్నీ ఉన్నాయి. మనుషులే పోతున్నారు. నీ పుట్టినరోజు నాడు, అందరూ వెళ్ళాక, కప్పులు కడుగుతూ చెబుదామనుకున్నాను. ఆ రోజు ఎప్పుడో దొరకలేదు. అందుకని కేకు చేసుకుని వస్తూనే ఉన్నాను."

నేను ఏడ్చాను. ఏడుస్తూ, చెప్పు సంగతి కూడా చెప్పేశాను. సోఫా వెనక బోర్లా పడుకున్నది, వేరుశెనగ గింజ, అన్నీ. అక్క పగలబడి నవ్వింది. వంతెన మీద పాడిన రోజుల్లోలాగే, కాలువ అవతలికి వినపడేలా. తర్వాత నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి అడుగుతానే. ఎవరింట్లో అయినా నేను తప్పు మనిషికి తప్పు అభినందన చెబితే, నవ్వుతారు. రెండోసారికి నాకు కుర్చీ వెయ్యరు. మొన్న రెండిళ్ళలో అలాగే అయింది. నువ్వు మాత్రం నా కుర్చీ తియ్యకే."

"తియ్యనక్కా," అన్నాను. నా జన్మలో బెట్టు చెయ్యకుండా ఇచ్చిన మొదటి మాట అది.

తర్వాత డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అక్కకి డిమెన్షియా ఉందని ఆయన తేల్చాడు. అందరికన్నా ఆలస్యంగా తెలిసింది వాలంటీరునైన నాకే. ఇప్పుడు పొద్దున పూట ఒక నర్సమ్మ వచ్చి మందులు ఇచ్చి, బొత్తాలు సరిచేసి వెళుతుంది. మా ఇంట్లో మాత్రం ఒక కొత్త రూలు పెట్టాం. అక్క ఏ రోజు కేకు తెస్తే ఆ రోజే నా పుట్టినరోజు.

గెజీనా కేకు కట్టి ఇవ్వగానే ఫోన్ చేస్తుంది. "మేడమ్, బయల్దేరారు. నీలం కోటు. పది నిమిషాలు." లామ్మెర్ట్ గిన్నెలు వదిలేసి కుర్చీలు గుండ్రంగా లాగుతాడు. నేను వీధిలోకి వెళ్ళి తలుపులు కొడతాను. ఇంట్లో ఎవరుంటే వాళ్ళు చేస్తున్న పని వదిలేసి వస్తారు. మంగలి ఒకసారి మెడకి తువ్వాలు కట్టిన గిరాకీతో సహా వచ్చాడు. ఒకసారి ఎవరూ దొరక్క, తప్పు ఇంటికి పార్సిలు తెచ్చిన డ్రైవర్ని కూర్చోబెట్టాం. పాపం, నాకు అభినందనలు చెప్పి, పాట కూడా పాడి, కేకు తిని పోయాడు. మొదట్లో మా పక్కింటావిడ సణిగింది.

"ఇది అబద్ధం కాదుటే హిల్లీ? మార్చిలో ఒకసారి వచ్చాం, మేలో రెండుసార్లు వచ్చాం!"

"ఒకసారి నిజం పట్టుకుని కూర్చుని చూశాను. ఏడు నెలలు. దానికన్నా ఇదే నయం. కేకు తింటావా లేదా?"

తింది. ఇప్పుడు ఆవిడే ముందు వచ్చి కుర్చీలు సర్దుతుంది. నిరుడు నాకు పదకొండు పుట్టినరోజులు జరిగాయి. లామ్మెర్ట్ లెక్క ప్రకారం నాకిప్పుడు ఎనభై దాటాయి, నా నడుం కూడా అదే మాట అంటోంది.

దుకాణాల్లో పది లక్షణాలు చదవడం మానేశాను. ఇప్పుడు సోఫా వెనక చెప్పు కథ చెబుతాను. అందరూ నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ ఎవరో ఒకరు ఆగిపోతారు. ఆ మధ్య చేపలాయన కత్తి పక్కన పెట్టి, "మా నాన్నతో రెండు నెలలుగా మాట్లాడటం లేదండీ. అన్నమాటే పదిసార్లు అంటున్నాడని," అన్నాడు. దుకాణం కట్టేసి ఆ సాయంత్రమే వెళ్ళాడు. పది లక్షణాలు అప్పజెప్పినన్నాళ్ళూ నాతో ఎవరూ అలా ఏమీ చెప్పుకోలేదు.

పోయిన వారం గెజీనా ఫోన్ చేసింది. కుర్చీలు వేశాం. తొమ్మిదిమంది దొరికారు. తలుపు నేనే తీశాను. తలుపు ఎప్పుడూ నేనే తీస్తాను, అది కూడా రూలే. అక్క చిక్కిపోయింది. నీలం కోటు భుజాల మీద వేలాడుతోంది. కేకు పెట్టె లామ్మెర్ట్‌కి ఇచ్చి, గది చుట్టూ బయల్దేరింది. ఎవరెవరో తెలియదు ఇప్పుడు ఆవిడకి. కానీ చెయ్యి పట్టుకోవడం, ఊపడం, ఆ మాట అనడం ఏమీ తప్పలేదు. లామ్మెర్ట్‌ని "మీ పొరుగామె పుట్టినరోజండీ" అని అభినందించింది. "చాలా సంతోషమండీ," అన్నాడు ఆయన, పెళ్ళయి నలభై ఆరేళ్ళయిన మనిషి. పక్కింటావిడని "మీ ఆవిడ పుట్టినరోజండీ" అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ లేచి నిలబడి మరీ థాంక్స్ చెప్పింది.

చివర్లో నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని నా మొహంలోకి చూసింది. వెతికింది. దొరకలేదు. అలా అవుతుందని నాకు తెలుసు, మారిట్ చెప్పింది, పుస్తకంలో రాసుకున్నాను.

"మీరు హిల్లీకి ఏమవుతారండీ?" అంది మర్యాదగా.

నేనేనే అక్కా, నేనే హిల్లీని, అని నోటిదాకా వచ్చింది. మింగాను.

"తోడబుట్టినదాన్నండీ," అన్నాను.

"అలాగా! అయితే మీ హిల్లీ పుట్టినరోజండీ, మీకు అభినందనలు!" అని గట్టిగా చెయ్యి ఊపింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, రహస్యం చెబుతున్నట్టు, "మంచి పిల్లండీ. ముక్కు మీద కోపం. కానీ తలుపు తీస్తుంది," అంది.

ఆవిడని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కేకు కోశాను.